సద్దు లేని ఇల్లు

ప్రియమైన శ్రీవారికి,

నవ్వనని మాటిస్తేనే ఈ ఉత్తరం ముందుకు చదవండి. మీ చెప్పులు పోయాయి.

నేను బయల్దేరేటప్పుడు అత్తయ్యగారు మీ పాత తోలు చెప్పుల్ని నా పెట్టెలో కుక్కి, "పరాయి దేశంలో ఒంటరి ఆడదానివని ఎవరికీ తెలియకూడదే. గడప బయట నీ చెప్పుల పక్కన ఇవి పెట్టు, లోపల మగాడున్నాడనుకుంటారు" అన్నారు గుర్తుందా? ఆవిడ చెప్పినట్టే పెట్టాను. మగాడున్నాడని ఎవరైనా భయపడ్డారో లేదో తెలియదు గాని, ఆ మగాడి చెప్పులే ఎత్తుకుపోయారు. పక్కనే ఉన్న నావి వదిలేశారు. దొంగ కంటికి కూడా నా చెప్పులు ఆనలేదు.

ఇలాంటివి ఫోన్లో ఎలా చెప్పను? నా ముఖం కనిపిస్తే మన ఉడత అమ్మా అమ్మా అంటూ ఫోను వదలదు, పెట్టేశాక ఏడుపు ఆపదు. ఆదివారం గొంతులు విందాం, కబుర్లు మాత్రం కాగితం మీదే అని మీరన్నది మంచి మాటే. రాస్తుంటే మీరు ఎదురుగా బల్ల మీద కూర్చుని కాళ్ళూపుతూ వింటున్నట్టే ఉంది.

ఇల్లు చెప్తాను. పాతకాలపు మేడ. మధ్యలో చెక్క మెట్లు, ఒక్కో అంతస్తుకి రెండేసి తలుపులు. నాది పైనుంచి రెండో అంతస్తు. పొద్దున్నే కిటికీ తెరిస్తే వీధి ఉండదు, మంచు ఉంటుంది. కాసేపటికి ఆ తెల్లదనంలోంచి ముందు ఒక గొడుగు వస్తుంది, తర్వాత గొడుగు కింద మనిషి వస్తాడు, ఆ తర్వాతెప్పుడో అతని అడుగుల చప్పుడు వస్తుంది. రోజూ కాఫీ గ్లాసు పట్టుకుని అది చూస్తూ నిలబడిపోతున్నాను. నేను ఇంకా విమానంలోనే నిద్రపోతున్నానేమో, ఇదంతా ఆ నిద్రలోదేమో అనిపిస్తుంది.

ఈ మేడలో వాళ్ళంతా పెద్దవాళ్ళు. చంటిబిడ్డ పడుకున్న ఇంట్లో తిరిగినట్టు తిరుగుతారు. చంటిబిడ్డ మాత్రం ఎక్కడా లేదు. తలుపులు వేస్తే చప్పుడు కాదు, తుమ్మితే వినపడదు. కింది అంతస్తులో ఒక తాతగారు కర్ర పట్టుకుని మెట్లు దిగుతాడు, ఈ ఇంటి మొత్తానికి అదే సంగీతం. ఆయనకి కర్రతాత అని పేరు పెట్టాను. ఇంటి బాగోగులు చూసే ఆవిడ నడుముకి తాళాల గుత్తి వేలాడుతుంటుంది గనుక ఆవిడ తాళాలమ్మ.

పని బాగుంది. కట్టుడు పళ్ళు చేయడం అక్కడా ఇక్కడా ఒకటే. అదే మైనం వాసన, అదే సుద్ద దుమ్ము. ఇక్కడి కొలిమి మాత్రం మనదానిలా అలగదు. సాయంత్రమయ్యేసరికి నా బల్ల మీద పళ్ళ వరుసలు ఆరుతుంటాయి. ఏ ముఖానివో తెలియని నవ్వులు అన్నీ నన్నే చూస్తుంటాయి.

ఇప్పుడు అసలు మాట. నవ్వడం ఆపి ఇది చదవండి. మిమ్మల్నిద్దర్నీ పిలిపించుకోవాలంటే ఇంటివాళ్ళ ఒప్పుకోలు ఉండాలట, అది లేందే వీసా ఆఫీసువాళ్ళు కాగితం ముట్టుకోరట. ఈ ఇంట్లో పిల్లలు ఉండి ఏళ్ళయిందని, పిల్లని తేవాలంటే అందరూ కూర్చుని సరే అనాలని తాళాలమ్మ చెప్పింది. చెట్లు చిగురించాక మీటింగు పెడతారట. వాళ్ళు కాదంటే నా జీతానికి ఈ ఊళ్ళో ముగ్గురం పట్టే ఇల్లు ఇంకోటి దొరకదు. ఉడత లేకుండా నేను ఇక్కడ ఉండలేను. అప్పుడు మూట సర్దుకుని వచ్చేస్తాను, అంతే.

అందుకే పిల్లిలా నడుస్తున్నాను. చెప్పుల దొంగని కూడా ఏమీ అనలేదు.

మీ
ఇంటావిడ

*

పళ్ళ డాక్టరమ్మగారికి,

ఒట్టు, నవ్వలేదు. నవ్వడానికి అమ్మ సందివ్వలేదు. "నా కొడుకు చెప్పులే దొరికాయా ఆ దేశానికి" అని పొద్దుటినుంచి ఒకటే సణుగుడు. అవి పారేద్దామని నేను ఎన్నిసార్లు అన్నానో నీకు తెలుసు. విమానమెక్కి వెళ్ళి మరీ దొంగతనానికి గురయ్యాయంటే వాటి జన్మ తరించినట్టే.

చెప్పులు లోపలే పెట్టుకోవచ్చు కదా అని రాద్దామనుకున్నాను. ఇంట్లోకి చెప్పులతోనా అని నువ్వు అక్కణ్ణుంచి ఉరిమే చూపు ఇక్కడికి కనపడి ఊరుకున్నాను.

ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. ఊళ్ళో ఫ్యాన్లన్నీ ఒక్కసారి నిద్రలేచి, తిరగనని మొరాయించి, నా దుకాణానికి క్యూ కట్టాయి. రోజంతా మోటార్లకి రాగితీగ చుడుతూనే ఉన్నాను. కళ్ళు మూసుకున్నా చేతులు చుడుతున్నాయి. నిన్న అన్నం తింటూ పప్పులో వేలు గిరగిరా తిప్పుతుంటే అమ్మ చెయ్యి మీద ఒకటి వేసింది.

ఉడత నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివించుకుంది. మంచులోంచి గొడుగు వచ్చే చోట ప్రతిసారీ ఆపి, "ఇంకోసారి" అంటుంది. మీ అమ్మ ఉండే ఇంట్లో సద్దు చేయకూడదు, చేస్తే నిన్ను రానివ్వరట అని కాస్త ఆటపట్టించాను. "అయితే నేను మంచం మీంచి దూకితే?" అంది. "అక్కడివరకూ వినపడుతుంది" అన్నాను. కాసేపు నా ముఖంలోకి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. దానికి ఊరుకోవడం కూడా వచ్చని నాకు మొదటిసారి తెలిసింది.

ఎవరితోనూ గొడవ పెట్టుకోకు. నీ కోపం నాకు తెలుసు. పాలపొంగు లాంటిది, చల్లారేలోపు పొయ్యి మొత్తం పాడుచేస్తుంది. ఈ మీటింగు దాటేదాకా పొయ్యి తగ్గించి పెట్టుకో.

నీ
తీగల మనిషి

*

ఏమండీ,

మీ సలహా అందేసరికి పాలు పొంగిపోయాయి.

మీ చెప్పుల తర్వాత నా చెప్పులు పోయాయి. వాన నీళ్ళు కారుతాయని గొడుగు బయట ఆరబెడితే సాయంత్రానికి గొడుగు లేదు. కొత్త చెప్పులు కొన్నాను, వారం తిరక్కుండా అవీ పోయాయి. చివరికి కాళ్ళు తుడుచుకునే పట్టా కూడా పోయింది. దాన్ని ఎవరు ఏం చేసుకుంటారండీ?

ఆ రోజు అసలే చిర్రుగా ఉన్నాను. పొద్దున ఆఫీసులో ఒక కిటికీ దగ్గర నిలబడితే ఇది కాదు, పక్కది అన్నారు. పక్కదాని దగ్గరికి వెళ్తే ముందుదే సరైనది అన్నారు. ముందుదాని దగ్గరికి వచ్చేసరికి భోజనాల వేళ అని తెర దించారు. నాకు భాష సరిగా రాదని తెలిసినవాళ్ళంతా నాకు చెవుడేమో అన్నట్టు గట్టిగా అరుస్తారు. అరిస్తే అర్థమవుతుందా? మధ్యాహ్నం మా పనిచోట మేస్త్రీ నేను చేసిన పైవరుస పళ్ళని వెలుతురుకి పెట్టి చూసి తల అడ్డంగా ఊపాడు. "చాలా బాగున్నాయి. ఇంత బాగా ఎవరికీ ఉండవు. ఇవి చేయించుకున్న ముసలామె నోట్లో పెట్టుకుంటే అబద్ధం చెప్తున్నట్టుంటుంది. మనుషుల పళ్ళు చూడు. ఒకటి కాస్త వంగి ఉంటుంది, ఒకటి అరిగి ఉంటుంది. చూసి నేర్చుకో" అన్నాడు. ఎక్కడ చూడను? బస్సులో, మెట్ల మీద, దుకాణంలో నన్ను చూసి ఒక్కరైనా నోరు విప్పితేగా. నా వంక చూసి నవ్వని ఊళ్ళో కూర్చుని నేను వీళ్ళకి నవ్వులు తయారుచేస్తున్నాను.

ఆ మనసుతో ఇంటికి వస్తుంటే మెట్ల మీద కర్రతాత ఎదురయ్యాడు. మందపాటి ఉన్ని మేజోళ్ళు, వాటి మీద మీ చెప్పులు. పొరపాటు పడ్డానేమో అని వంగి చూశాను. ఎడమ చెప్పు పట్టీకి మీరు రాగితీగతో వేసిన కుట్టు, అదే. నేను వేలు పెట్టి చూపించి, "ఇవి నావి" అన్నాను. ఆ మాట ఈ భాషలో బాగానే వచ్చు నాకు. ఆయనేం చేశాడో తెలుసా? గుండె మీద చెయ్యి పెట్టుకుని, తల వంచి, నవ్వాడు. దొరికిపోయిన దొంగ నవ్వడం నేను ఇదే చూడటం.

ఇక ఆగలేదు. ఫోన్లో ఒక్కో మాటా వెతుక్కుని, పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి, కింద తలుపు దగ్గర అతికించాను. ఈ ఇంట్లో దొంగలున్నారు, నా వస్తువులు ముట్టుకోవద్దు అని.

కాగితం మర్నాటికల్లా ఎవరో తీసేశారు. అప్పటినుంచి మెట్ల మీద ఎవరు ఎదురైనా గోడకి ఆనుకుని దారి ఇచ్చి, నేను వెళ్ళేదాకా నేల చూస్తున్నారు. ఇంతకుముందు సద్దు లేదు, ఇప్పుడు గాలి కూడా లేదు. బయట మంచు విడుతోంది. వీధి చివర ఒక చెట్టు ఉందని ఈవేళే తెలిసింది.

నాకు కాస్త భయంగానే ఉంది, మీతో కాక ఎవరితో చెప్పుకోను. పోయిన ఆదివారం ఉడత ఫోన్లోకి ఎందుకు రాలేదు? నిద్రపోతోందన్నారు. ఆ వేళప్పుడు అది ఎప్పుడూ పడుకోలేదు.

మీ
పాలపొంగు

*

ప్రియమైన పాలపొంగుకి,

నిన్ను తిట్టడానికి కూర్చుని కాగితాలు చింపేశాను. నీ చోట నేనుంటే ఆ తాతతో కలియబడి ఉండేవాణ్ణి, అది నీకూ తెలుసు. జరిగిందేదో జరిగింది.

ఉడత సంగతి దాచి లాభం లేదు. అది నిద్రపోలేదు. ఫోను ఇస్తే తల అడ్డంగా ఊపి అమ్మ కొంగు చాటుకి వెళ్ళింది. బతిమాలాను, చాక్లెట్ చూపించాను, కాస్త గదమాయించాను కూడా. పెదవి విప్పలేదు. నువ్వు అటు "తల్లీ, తల్లీ" అంటుంటే ఫోను వంక కళ్ళప్పగించి చూస్తూ నిలబడింది తప్ప మాట లేదు.

ఫోన్లోనే కాదు. ఈమధ్య ఇంట్లో కూడా అంతే. ఇల్లు పీకి పందిరేసే పిల్ల, ఏ మూల ఉందో వెతుక్కోవాల్సి వస్తోంది. పరుగుల్లేవు, పాటల్లేవు. పిలిస్తే దగ్గరికొచ్చి చెవిలో చెప్తుంది. అమ్మ దిష్టి తీసింది. డాక్టరు చూసి ఒంట్లో ఏమీ లేదన్నాడు. "బెంగ పెట్టుకుందిరా, తల్లి గొంతు మర్చిపోతోంది" అని అమ్మ కళ్ళొత్తుకుంది. నాకూ అదే భయం పట్టుకుంది. ఎన్ని మోటార్లు విప్పి చూశాను, ఏ చుట్టు తెగిందో వేలుతో తడిమి చెప్పగలను. ఈ పిల్ల లోపల ఎక్కడ తెగిందో తెలియడం లేదు.

వాళ్ళు ఒప్పుకుంటే మేము వస్తాం. ఒప్పుకోకపోతే నువ్వు రా. ఇంత దూరం వెళ్ళి ఊరికే తిరిగొచ్చిందని ఎవరైనా అంటే ఆ మాట నా దాకా రానీ, నేను చూసుకుంటాను. పళ్ళు ఇక్కడా ఊడుతున్నాయి.

అన్నం వేళకి తిను.

నీ
మనిషి

*

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నాను. తల్లి గొంతు మర్చిపోతోందన్న ముక్క ఎన్నిసార్లు చదివినా మారడం లేదు.

ఇంకో సంగతి జరిగింది. మొన్న పొద్దున పనికి వెళ్దామని తలుపు తీస్తే గడప బయట నా వస్తువులన్నీ వరసగా పెట్టి ఉన్నాయి. నా పాత చెప్పులు తుడిచి, కొత్త అడుగు వేయించి ఉన్నాయి. గొడుగుకి ఊచ ఒకటి విరిగి ఉండేది, అది బాగుచేసి ఉంది. పట్టా ఉతికి మడతపెట్టి ఉంది. అన్నిటికంటే చివర మీ చెప్పులు, నూనె పెట్టి మెరిపించి, ముక్కులు నా తలుపు వైపు తిప్పి ఉన్నాయి. మెట్ల మీద ఒక్క మనిషి లేడు. పైన అద్దంలోంచి పడే లేత వెలుతురులో అవి అలా నా కోసం ఎదురుచూస్తున్నట్టు ఉంటే, నాకు సంతోషం కలగలేదు.

తాళాలమ్మ దగ్గరికి దిగి వెళ్ళాను. ఆవిడ కుర్చీ చూపించి, నాకు అర్థమయ్యేలా నిదానంగా, అరవకుండా చెప్పింది.

"ఈ మెట్లవాళ్ళకి ఒక అలవాటుందమ్మా. గడప బయట పెట్టిన వస్తువు ఇక ఆ ఇంటివాళ్ళది కాదు. నాకు అక్కర్లేదు, కావలసినవాళ్ళు తీసుకోండి అని దానర్థం. ఇచ్చినవాళ్ళకి గొప్ప ఉండకూడదు, తీసుకున్నవాళ్ళకి మొహమాటం ఉండకూడదు. అందుకని ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. నువ్వు వచ్చిన మొదటి రోజునే ఒక జత చెప్పులు పెట్టావు. కొత్తగా వచ్చిన అమ్మాయి, తనకే కుర్చీ లేదు, అయినా రోజూ ఏదో ఒకటి పెడుతోందే అని అందరం నీ గురించే చెప్పుకున్నాం."

నా ముఖం ఎక్కడ పెట్టుకోను చెప్పండి. మన గుమ్మం ముందు ఎప్పుడూ ఉండే చెప్పులు ఇక్కడ దానధర్మాలైపోయాయి. కర్రతాతకి ఒక పాదం వాచి ఉంటుందట. ఏ బూటూ పట్టక, కొట్టులో దొరికినవన్నీ కరిచి, ఇల్లు కదలడం మానేశాడట. మీ చెప్పులు వచ్చాకే వీధిలోకి వెళ్ళాడట. ఆ రోజు మెట్ల మీద నేను "ఇవి నావి" అంటే, ఇచ్చింది నేనే అని చెప్తున్నాననుకున్నాడు. అలవాటు తప్పి మరీ గుండె మీద చెయ్యి పెట్టి దండం పెట్టాడు. నేను ఆయన్ని దొంగ అని గోడకెక్కించాను.

ఇప్పుడు నేను అన్నీ మళ్ళీ బయట పెడుతున్నాను. ఎవరూ ముట్టుకోవడం లేదు. పొద్దున పెట్టినవి సాయంత్రం పనినుంచి వచ్చేసరికి పెట్టినట్టే ఉంటున్నాయి. పోయాయని ఏడ్చినదాన్ని, పోవడం లేదని ఏడుస్తున్నాను.

నిన్న మీ చెప్పులు తీసుకెళ్ళి కర్రతాత గుమ్మం ముందు పెట్టి, పై మెట్టు మీద కూర్చున్నాను. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. ఆయన చెప్పుల్ని చూశాడు, నన్ను చూశాడు. నేను గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచాను. ఆయన నెమ్మదిగా కాళ్ళు దూర్చుకుని, కర్ర తీసుకుని దిగి వెళ్ళిపోయాడు. క్షమించాడో, నేల చల్లగా ఉందని వేసుకున్నాడో తెలియదు.

వచ్చే వారమే మీటింగు. వాళ్ళు కాదంటారు, అనడంలో తప్పు కూడా లేదు. పెట్టె కిందికి దించాను. ఉడతకి ఆశపెట్టకండి.

మీ
తొందరపాటు మనిషి

*

ప్రియమైన నీకు,

ఇది ఎక్స్‌ప్రెస్‌లో పంపుతున్నాను, మీటింగు లోపు అందాలి. పెట్టె మళ్ళీ పైకెక్కించు. ఉడత నిన్ను మర్చిపోలేదు.

పొద్దున అమ్మ బియ్యం తీద్దామని డబ్బాలో చెయ్యి పెడితే ఉడత కాలి పట్టీలు దొరికాయి. లోపలికంటా పూడ్చి పెట్టి ఉన్నాయి. ఎక్కడో పారేసుకుందని మేమనుకున్నాం, అడిగితే తెలియదంది. నేను దుకాణం నుంచి వచ్చి చప్పుడు చేయకుండా వాకిట్లోంచి చూశాను. అది వంటింట్లోంచి మంచినీళ్ళ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, మునివేళ్ళ మీద నడిచి వచ్చి, బల్ల మీద పెట్టి, చప్పుడయిందా అని చెవి ఆనించి విని, మళ్ళీ వంటింట్లోకి వెళ్ళి ఇంకోటి తెస్తోంది. అలా ఎంతసేపు చేసిందో. ఆడుకోవడం కాదు అది, ముఖం చూస్తే తెలుస్తోంది. పని చేస్తోంది.

ఒళ్ళో కూర్చోబెట్టుకుని పట్టీలు చూపించాను. నా చెవిలో చెప్పింది. "అవి ఘల్లుమంటాయి కదా నాన్నా. అమ్మ ఇంట్లోవాళ్ళకి వినపడితే రానివ్వరు కదా."

"మరి ఫోన్లో అమ్మతో ఎందుకు మాట్లాడవురా?"

"ఫోను అక్కడే కదా మోగుతుంది."

నేను సరదాకి అన్న మాటని ఆ పిల్ల ఇన్నాళ్ళూ నెత్తిన పెట్టుకుని మోసింది. నీ దగ్గరికి రావడానికి దానికి తోచిన దారి అదొక్కటే. కాదు, వినపడదు, నేను ఊరికే అన్నాను అంటే నమ్మడం లేదు. "నువ్వు ఊరికే అంటున్నావు" అని నన్నే ఓదారుస్తోంది. నా నోరు పడిపోను.

అమ్మ పట్టీలు పట్టుకుని దేవుడి ముందు కూర్చుంది. నేను మళ్ళీ దుకాణానికి వెళ్ళలేదు.

నువ్వు ఆ మీటింగులో ఏం చెప్తావో నీ ఇష్టం. కాళ్ళు పట్టుకున్నా నాకు చిన్నతనం లేదు.

నీ
నోటి దురుసు మొగుడు

*

ప్రియమైన ఏమండీ,

మీటింగు నిన్న సాయంత్రం అయింది. తొందరగా రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకోండి.

కింద బట్టలు ఉతికే గదిలో కుర్చీలు వేశారు. ఆ గది ఎప్పుడూ సబ్బు వాసనతో వెచ్చగా ఉంటుంది. అద్దాలకి ఆవిరి పట్టి, బయట దీపాలు నీళ్ళలో కరిగిన పసుపులా కనిపిస్తున్నాయి. అందరూ ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చారు. నేను నిలబడి, ఇన్నాళ్ళుగా బట్టీపట్టిన మాటలు అప్పజెప్పాను. మా దేశంలో చెప్పులు ఎందుకు బయట విడుస్తామో చెప్పాను. నాకు తెలియదు, తప్పు నాది, మీరు దొంగలు కారు అన్నాను. నా పై అంతస్తులో ఒక పొడుగావిడ ఉంటుంది, ఆవిడే గొంతు సవరించుకుంది.

"పాప పరిగెడుతుందా?"

వచ్చింది రా అసలు ప్రశ్న అనుకున్నాను. "లేదండీ" అన్నాను.

"పాటలు పాడుతుందా?"

"అస్సలు పాడదు. ఏడవదు. అరవదు. ఇంట్లో పిల్ల ఉందని కూడా మీకు తెలియదు" అన్నాను.

వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పొడుగావిడ లేచి నా దగ్గరికి వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. "అయ్యో. ఒంట్లో బాగుండదా పాపకి?" అంది.

ఏమండీ, అక్కడితో నా వల్ల కాలేదు. బట్టీపట్టిన మాటలన్నీ అయిపోయాయి. మిగిలినవి ఎలా వస్తే అలా చెప్పాను, సగం వాళ్ళ భాష, సగం మన భాష, కొంత చేతులతో. లేదు, బంగారంలా ఉంటుంది, దాన్ని మేము ఉడత అంటాము, మంచం మీంచి దూకుతుంది, రోజంతా పరుగే అన్నాను. మీ ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుందని విని, మీరు రానివ్వరేమోనని, ఇప్పుడు మునివేళ్ళ మీద నడుస్తోంది, నాతో ఫోన్లో మాట్లాడటం మానేసింది అన్నాను. కాలి పట్టీలు తీసి బియ్యంలో దాచిందని చెప్పాను. పట్టీలంటే వాళ్ళకి తెలియదు. వంగి నా చీలమండ చుట్టూ వేలుతో గీసి చూపించాను, చప్పుడు ఎలా ఉంటుందో నోటితో ఘల్లు ఘల్లు అని చెప్తే అది వాళ్ళకి అందలేదు. తాళాలమ్మ నడుముకున్న గుత్తి తీసి మెల్లగా ఆడించింది. "ఇలాగా?"

"అలాగే. ఇంకా చిన్నగా."

ఆవిడ ఇంకా చిన్నగా ఆడించింది. గదిలో ఆ చప్పుడు ఒక్కటే. అందరూ తల కాస్త పక్కకి వంచి విన్నారు. కర్రతాత కళ్ళు మూసుకున్నాడు.

ఆయనే ముందు మాట్లాడాడు. "పాప పొద్దున్నే ఏ వేళకి లేస్తుంది?"

ఎందుకని అడిగాను.

"నేను పెందలాడే మెట్లు దిగుతాను. నా కర్ర టకటకకి పాప లేచిపోతుందేమో. కర్ర కింద గుడ్డ చుడతాను" అన్నాడు.

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యేలోపు అందరూ మాట్లాడేస్తున్నారు. పాప నిద్రపోయే వేళ ఏదో చెప్తే ఆ వేళకి కుట్టుమిషను ఆపుతానని పొడుగావిడ అంది. మెట్ల కమ్మీలకి సందులు ఎక్కువున్నాయి, పిల్ల దూరిపోతుంది, అడ్డ చెక్కలు కొట్టించాలని ఒకరన్నారు. పై మెట్ల మీద జారుతుందని ఇంకొకరు. అంత మాట్లాడటం వీళ్ళకి వచ్చని నాకు తెలియదు. ఈ ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఎందుకుంటుందని తాళాలమ్మని అడిగితే, "పిల్లలు పెద్దవాళ్ళై వెళ్ళిపోయారు. ఇక చప్పుడు చేయడానికి ఏముందమ్మా, మేమేం పరిగెడతామా?" అంది. ఆ మాటకి అందరూ నవ్వారు. నవ్వితే చూశాను, ఒకరికి ముందు పన్ను వంగి ఉంది, ఒకరికి సందు, కర్రతాతకి కింద అసలు లేనే లేవు. మేస్త్రీ చెప్పింది ఎంత నిజమో. అంత అందమైన పళ్ళు నేను చేయలేదు ఇంతవరకూ.

చేతులెత్తడం ఎప్పుడో, మీటింగు ఎప్పుడు మొదలుపెడతారో అని తాళాలమ్మ చెవిలో అడిగాను.

"అది ఎప్పుడో అయిపోయిందమ్మా. ఇప్పుడు పని మాట్లాడుకుంటున్నాం" అంది.

ఆఫీసు కాగితం రేపు ఇస్తాను. ఏ కిటికీయో వెతకనవసరం లేదు, పొడుగావిడ తోడు వస్తానంది. మీరు టిక్కెట్ల సంగతి చూడండి. దుకాణం ఎవరికి అప్పజెబుతారో, అత్తయ్యగారికి ఏం చెప్తారో నిదానంగా రాసుకుందాం. ఆవిడ్ని వదిలి రమ్మని నేను అనడం లేదు, ఆవిడ కూడా వస్తే ఇంట్లో ఇంకో గొంతు పెరుగుతుందని ఇక్కడ ఎవరూ బాధపడరు.

ఒక్క పని మాత్రం ఈ వారమే చేయాలి. ఆదివారం ఫోను ఉడత చేతికి ఇవ్వండి. నేను గదిలో ఉండను, మెట్ల మధ్యలో నిలబడి ఎత్తుతాను. దాని మాట వినాలని, ఏ అంతస్తుకి ఆ అంతస్తు తలుపులు తీసి పెట్టుకుని కూర్చుంటామన్నారు. గట్టిగా మాట్లాడమని చెప్పండి. కర్రతాతకి చెవులు కొంచెం దూరం.

మీ ఇద్దరి
నేను